నూకలు చెప్పే ల్యాప్‌టాప్

ఆ రోజు ఉదయం ప్రభాకర్ వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. సేటు డబ్బుతో ల్యాప్‌టాప్ కొనాలి. అందులో మిల్లు బిల్లులు కొట్టాలి. చుట్టాల పెళ్ళిళ్ళలో తాను తీసిన ఫొటోలకు మెరుగులు దిద్దాలి. మధ్యాహ్నం అన్నం తిన్నాక కాసేపు క్రికెట్ ఆట ఆడాలి. ఈ మూడు వాడకాల్లో సేటుకు తెలియాల్సింది బిల్లుల సంగతి మాత్రమే.

సేటు పేరు రామలింగయ్య. మిర్యాలగూడలో ఆయనకు రైస్ మిల్లు ఉంది. ప్రభాకర్ అందులో గుమాస్తా. ఆఫీసులోని పాత కంప్యూటర్ పూర్తిగా మొరాయించడంతో, సూర్యాపేట వెళ్ళి కొత్తది తెమ్మన్నాడు. తీరా బయల్దేరే వేళకు తానే వచ్చి కారు ముందు సీట్లో కూర్చున్నాడు.

"నాకు గూడ పేటల పనున్నది. నడువు."

దుకాణంలో ప్రభాకర్ తన మూడు అవసరాలూ సేల్స్‌మన్ సాయికిరణ్ చెవిలో చెప్పాడు. అతనూ గొంతు తగ్గించే జవాబిచ్చాడు. "ఒట్టి ఆఫీసు పనికైతే గిది సాలన్నా. ఫొటోలంటే స్క్రీన్‌ల రంగులు కరెక్టు పడాలె, ర్యామ్ పదహారు జీబీలన్న ఉండాలె. గేములు గూడ అంటున్నవ్ గదా, గ్రాఫిక్స్ కార్డ్ లేంది కుదరదు. గా రెండోది తీస్కో."

ఇంతలో సేటు వచ్చి రెండోదాని ధర చీటీ చూశాడు. "దీనికి గింత ధరేంది? ఏమున్నది దీంట్ల?"

"గ్రాఫిక్స్ కార్డ్ ఉన్నది సేటూ."

"బిల్లులు కొట్టేటందుకు అదెందుకు?"

ప్రభాకర్ బుర్ర ఇంకా వెతుకుతుండగానే నోరు ముందు పరిగెత్తింది. "బియ్యం ఫొటో తీసి దీంట్ల ఏస్తే నూక శాతం చెప్తది సేటూ."

నూకంటే విరిగిన గింజ. బియ్యంలో అది ఎంత శాతం ఉందన్నదాని మీదే ధర తేలుతుంది. ఆ సంగతి చెప్పడంలో రామలింగయ్యది పేరున్న చెయ్యి. గుప్పెడు బియ్యం అరచేతిలో పరిచి, బొటనవేలితో ఒకసారి నెట్టి ఆయన అంకె చెప్పాడంటే, హాలియా నుంచి కోదాడ దాకా ఎవరూ మళ్ళీ చూసుకోరు. అలాంటి మనిషి ఆ ల్యాప్‌టాప్ వైపు సాటి మిల్లరును చూసినట్టు చూశాడు.

"ఇదే ప్యాక్ చెయ్ బాబూ."

సాయికిరణ్ ప్రభాకర్ వైపు చూశాడు. ప్రభాకర్ గోడ మీది పోస్టరు చదవసాగాడు.

మొదట్లో వ్యవహారం సాఫీగానే నడిచింది. బియ్యం చేతిలో పోసుకున్నప్పుడు అంకెను గొణగడం సేటుకు అలవాటు. ప్రభాకర్ చెవులు రిక్కించి ఆ గొణుగుడు పట్టుకునేవాడు. తెర మీద ఫొటో పెద్దది చేసి, కనుబొమలు ముడిచి, అదే అంకె చెప్పేవాడు. సేటు మురిసిపోయాడు. "నా చెయ్యి, నీ మిషిను అన్నదమ్ములోలె ఉన్నయ్‌రా," అంటూ వ్యాపారులందరికీ ఫోన్లు చేశాడు.

ఒకనాడు సేటుకు గొంతు పట్టేసింది. బియ్యం చూసుకున్నాడు గానీ గొణగలేదు. మిషిను ఎంతంటోందని సైగ చేశాడు. ప్రభాకర్ నోటికొచ్చిన అంకె చెప్పేశాడు.

"పన్నెండు సేటూ."

సేటు ఆగిపోయాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి మళ్ళీ చూశాడు. "నాకు ఎనిమిదే అవుపడ్తున్నది," అన్నాడు బొంగురు గొంతుతో.

ఫొటో సరిగ్గా రాలేదంటే అక్కడితో పోయేది. ప్రభాకర్ అలా అనలేదు. "మిషిను తప్పు చెప్పదు గద సేటూ," అన్నాడు.

మర్నాడే సేటు సూర్యాపేట కంటి దవాఖానకు వెళ్ళొచ్చాడు. "కండ్లు మంచిగనే ఉన్నయంట," అన్నాడు, చావు కబురు చెప్పినట్టు. "అంటే చెయ్యి పోయినట్టే." ఆ రోజు నుంచి ఆయన బియ్యం ముట్టుకోలేదు.

సేటు భార్య పుష్పమ్మ మిల్లుకు వచ్చి ప్రభాకర్‌ను పక్కకు పిలిచింది. "ఏమైందయ్యా ఆయనకు? అన్నం కలిపేటప్పుడు గూడ చెయ్యి దిక్కే సూస్తుండు. నాకు చెప్పకుండ ఏమన్న దాస్తున్నరా?"

"ఏం లేదమ్మా," అన్నాడు ప్రభాకర్ నేల చూపులు చూస్తూ. ఆ మధ్యాహ్నం ఆటలోనూ మనసు నిలవలేదు. ఒక్క పరుగైనా తీయకుండానే ల్యాప్‌టాప్ మూసేశాడు.

ఇంతలో కోదాడ నుంచి ముఖేష్ ఫోన్ చేశాడు. అతను బియ్యం వ్యాపారి. "సేటు గారూ, లోడుతో పాటు మీ మిషను కూడా తీసుకురండి. అదెంతంటే అంతకే ధర కట్టేద్దాం. మావాళ్ళు కూడా చూస్తామంటున్నారు."

సేటూ ప్రభాకరూ వెళ్ళేసరికి ముఖేష్ కొట్లో వ్యాపారులంతా పెళ్ళిచూపులకు వచ్చినట్టు కుర్చీల్లో సర్దుకుని ఉన్నారు. బయట లారీ నిలబడి ఉంది. ముఖేష్ పళ్ళెంలో బియ్యం పోసి, "ముందు మీరు చేత్తో చూసి చెప్పండి," అన్నాడు.

"నా చెయ్యి రిటైరయింది బాబూ. మిషిన్నడుగు," అన్నాడు సేటు. ఆయన చేతులు రెండూ ఎవరో మరిచిపోయిన వస్తువుల్లా ఒళ్ళో పడి ఉన్నాయి.

ప్రభాకర్ ఆ చేతుల్ని చూశాడు. ఇక చూడలేకపోయాడు. "సేటూ, దీనికి నూకలు తెల్వదు. నేను అబద్ధం చెప్పిన."

ముఖేష్ నవ్వాడు. "మిషను నూక ఎక్కువ చూపిస్తే ధర పడిపోతుందని భయమా అన్నా? లోడు గుమ్మం ముందుకొచ్చాక మాట మారిస్తే బాగోదు."

సేటు కూడా తల అడ్డంగా ఊపాడు. "నా మీద జాలితోని మిషిను మీద నింద ఎయ్యకు ప్రభాకరూ."

అబద్ధాన్ని ఒక్క ముక్కకే నమ్మిన మనిషి, నిజానికి మాత్రం సాక్ష్యం అడుగుతున్నాడు. ప్రభాకర్ ల్యాప్‌టాప్ తెరిచాడు. ఆట ఆపిన చోటు నుంచే లేచింది. స్టేడియం హోరుతో కొట్టు దద్దరిల్లింది. తెర మీద ప్రభాకర్ పేరుతో ఒక బ్యాట్స్‌మన్ సున్నా దగ్గర నిలబడి ఉన్నాడు.

"గ్రాఫిక్స్ కార్డ్ దీనికోసం సేటూ," అన్నాడు ప్రభాకర్. ఆ మాట అతనికే సరిగ్గా వినిపించలేదు.

ఎవరో దగ్గారు. ఎవరో నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళారు. సేటు తెరను చూశాడు, ప్రభాకర్‌ను చూశాడు. మెల్లగా చెయ్యి చాపి పళ్ళెంలోంచి గుప్పెడు తీశాడు. పరిచాడు. బొటనవేలితో నెట్టాడు.

"ఎనిమిది."

ముఖేష్ అప్పటికప్పుడు నూకలు ఏరించి తూకం వేయించాడు. ఎనిమిదే వచ్చింది. లేచి సేటుకు నమస్కారం పెట్టాడు.

తిరుగు ప్రయాణంలో కారు హుజూర్‌నగర్ దాటింది, నేరేడుచర్ల కూడా దాటింది. సేటు నోరు విప్పలేదు. తిట్టినా బాగుండుననిపించింది ప్రభాకర్‌కు. మిర్యాలగూడ పొలిమేరలో ఇక ఆగలేక తానే అడిగాడు. "దాన్ని వాపస్ ఇచ్చేద్దమా సేటూ?"

"వాపస్ ఎందుకు? పనికొస్తది," అన్నాడు సేటు. తర్వాత కుడిచెయ్యి ఒకసారి ముడిచి, విప్పి చూసుకున్నాడు. "ముందుగాల ఇంటికి పోదాం. పుష్పమ్మకు ఇదంత నువ్వే చెప్పాలె. నేను పక్కన కూసుంట."

ఇప్పుడు ప్రతి ఉదయం బిల్లులు మొదలుపెట్టే ముందు ప్రభాకర్ ల్యాప్‌టాప్ మూసి, దాని మీద గుప్పెడు బియ్యం పోసుకుని, సేటు ఎదురుగా కూర్చుని వేలితో నూకలు ఏరుతున్నాడు. నల్లటి మూత మీద గింజలు బ్రహ్మాండంగా కనిపిస్తాయి.