విజయ విభాగం ముందు కుర్చీ

ఆ బుధవారం పొద్దున ఒకిరోర్ పెట్టుకున్న పని ఒక్కటే. సాయంత్రం ఐదు లోపల అసెకెన్యె మార్కులు వెతికి, పట్టభద్రుల జాబితాలో ఆమె పేరు ఎక్కించాలి. పదహారేళ్లుగా పరీక్షల గుమాస్తాగా చేస్తున్నవాడికి అదేమంత పెద్ద పని కాదు. తేసో ప్రాంతంలోని ఆ విశ్వవిద్యాలయం పేరు మాత్రం చెప్పను, చెబితే నా మీదికొస్తారు.

అసెకెన్యె చదువు అయిపోయి రెండేళ్లయింది. అన్నీ పాసైంది, ఒక్క గణాంకశాస్త్రం తప్ప. అందులో తప్పిందని కాదు, ఆ మార్కులే కనిపించకుండా పోయాయి. పాఠం చెప్పినాయన వేరే ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు, కాగితాలు ఎక్కడ పెట్టాడో ఆయనకే గుర్తులేదు. "రేపు రా" అన్నారు. ఆమె రెండేళ్లపాటు వచ్చింది. స్టోర్‌రూము తలుపు ముందు ఓ కుర్చీ వేసుకుని, ఊరికే కూర్చోలేక, ఏ బీరువాలో ఏముందో నేర్చుకుని, తనలాగే మార్కులు పోయినవాళ్లకి వెతికిపెట్టేది. వాళ్లంతా గౌన్లు వేసుకుని ఫొటోలు దిగి వెళ్లిపోయారు.

పోయినేడు ఎవరో "ఈసారి ఖాయం" అన్నారని వాళ్లమ్మ పండగలకి వేసుకునే గొమేసి గౌను కొత్తది కుట్టించుకుని, లారీ నిండా చుట్టాలతో దిగింది. పట్టభద్రుల పుస్తకంలో కూతురి పేరు లేదు. చదువు రాకపోయినా ఆవిడ చివరి పేజీదాకా వేలుపెట్టి వెతికింది. "చదివిన చదువు ఎక్కడ పారేసుకున్నావే?" అని ఒక్క మాట అడిగింది. ఆ మాట తలుచుకుంటే అసెకెన్యెకి ఇప్పటికీ ముద్ద దిగదు.

తొమ్మిదింటికల్లా ఒకిరోర్‌కి అదృష్టం కలిసొచ్చింది. పాత ఫుట్‌బాల్ జెర్సీల పెట్టె అడుగున జవాబుపత్రమూ, మార్కుల కాగితమూ జంటగా దొరికాయి.

"దొరికిందమ్మాయ్! డెబ్బై ఒకటి!"

అసెకెన్యె భోరుమంది.

"ఏడుపు తర్వాత. ముందు పెద్దాయన సంతకం కావాలి."

పెద్దాయన, అంటే శాఖాధిపతి డాక్టర్ ఎమురోన్, పూలకుండీలు మోయిస్తున్నాడు. రేపు రావలసిన నాణ్యతా తనిఖీ బృందం రాజధాని కంపాలా నుంచి ఇవాళే దిగుతోందట. చేరిన విద్యార్థులు గట్టెక్కుతున్నారా లేదా అని చూసే బృందం అది. 'విద్యార్థి విజయ విభాగం ఉందా?' అన్న ప్రశ్నకి ఆయన ముందే 'ఉంది' అని రాసి పంపాడు. లేని విభాగానికి రాత్రికి రాత్రి బోర్డు రాయించి, పొద్దున్నే స్టోర్‌రూము తలుపుకి కొట్టించాడు. ఆ బోర్డు కింద కుర్చీలో ఓ పిల్ల కూర్చుని ఉంటుందని ఆయనకి తట్టలేదు. రెండేళ్లుగా చూడనివాడు ఇవాళ మాత్రం ఎందుకు చూస్తాడు?

ఆ బృందానికి పెద్ద, ప్రొఫెసర్ నబుకీర, సరాసరి ఆ బోర్డు దగ్గరే ఆగింది.

"ఈ విభాగంలో ఎన్నాళ్లుగా ఉంటున్నావమ్మా?"

అసెకెన్యె లేచి నిలబడింది. "రెండేళ్లుగా ఇక్కడే ఉన్నానండి."

"రోజూ వస్తావా?"

"ఒక్కరోజు మానలేదండి."

"ఏం చేస్తుంటావు?"

"మార్కులు కనబడక ఆగిపోయినవాళ్లకి వెతికిపెడతానండి. ముప్పైనాలుగు మందివి దొరికాయి."

ఎమురోన్ చప్పున ముందుకొచ్చాడు. "మా విభాగానికి ప్రాణం ఈ పిల్లే మేడమ్. పేరు... నువ్వే చెప్పు తల్లీ, సిగ్గెందుకు?"

ఇదే అదనని ఒకిరోర్ మార్కుల కాగితం, జవాబుపత్రంతో సహా, ఆయన ముందు పెట్టాడు. అతిథుల ఎదుట ఎమురోన్ చదవకుండానే జోరుగా సంతకం గీకాడు. అసెకెన్యె చెయ్యి చాచింది. నబుకీర చెయ్యి ముందే ఆ కాగితాలు అందుకుంది.

"రెండేళ్లనాటి జవాబుపత్రం, దానికి తగ్గ మార్కుల కాగితం! ఇంత చక్కని రికార్డు ఎక్కడా చూడలేదు." రెండూ నమూనాల పెట్టెలో పడ్డాయి. పెట్టెకి సీలు పడింది.

"మేడమ్, అది నాదండీ!"

"తెలుసమ్మా, నీ కష్టమే. నివేదికలో నీ పేరు రాస్తాం."

"పేరు రాయాల్సింది అక్కడ కాదండీ..."

ఎమురోన్ ఆమెని పక్కకి లాగాడు. "నోరు మూసుకో తల్లీ. నువ్వు స్టూడెంట్‌వని తెలిస్తే అందరం మునుగుతాం. పెట్టె ఎక్కడికీ పోదు, తిరిగొస్తుంది."

"ఎప్పుడు సార్?"

"మళ్లీ తనిఖీకి. ఐదేళ్లే కదా."

రిజిస్ట్రార్ ఆఫీసులో "కాగితం చేతిలో ఉంటేనే ఎక్కిస్తాం" అన్నారు. మూడింటికి బృందం కారు కదిలింది. ఒకిరోర్ అసెకెన్యెని కిరాయి బోడా మోటార్‌సైకిల్ ఎక్కించుకుని వెంటపడ్డాడు. మార్కెట్ దగ్గర ఆవులు అడ్డం రావడంతో కారు ఆగింది. ఇద్దరూ చేతులెత్తి గొంతులు చించుకున్నారు.

"చూశారా, సాగనంపడానికి ఇంతదూరం వచ్చారు!" అని నబుకీర అద్దం దించకుండానే ప్రేమగా చెయ్యి ఊపింది. ఆవులు కదిలాయి, కారు వెళ్లిపోయింది. ఎర్రదుమ్ములో ఆ పిల్ల ఇంకా చెయ్యి ఎత్తే ఉంచింది. ఒకిరోర్‌కి ఆమె ముఖం చూసే ధైర్యం చాలలేదు.

ఐదింటికి జాబితా మూశారు. అసెకెన్యె వచ్చి తన కుర్చీలో కూర్చుంది. వాళ్లమ్మకి ఫోన్ చేద్దామని తీసి, మళ్లీ లోపల పెట్టేసింది. అంతలో సన్నటి అమ్మాయి ఒకతె బోర్డు చదువుకుంటూ వచ్చింది.

"అక్కా, నా మార్కులు కనబడటం లేదట."

"ఏ సబ్జెక్టు?" అంది అసెకెన్యె, కళ్లు తుడుచుకుని బీరువా తాళం తీస్తూ.

నాలుగు నెలలకి నివేదిక వచ్చింది. అందులో ఇరవైరెండు సిఫారసులున్నాయి. మార్కులు కంప్యూటర్‌లో భద్రపరచమన్నారు, గ్రంథాలయం పెంచమన్నారు, వెళ్లిపోయే అధ్యాపకుల దగ్గర కాగితాలు రాబట్టుకోమన్నారు. చిట్టచివరన, అసెకెన్యె వంటి మనిషిని విశ్వవిద్యాలయం ఏ పరిస్థితిలోనూ బయటికి పోనివ్వరాదని రాశారు.

విశ్వవిద్యాలయం తు.చ. తప్పకుండా అమలు చేసిన సిఫారసు అదొక్కటే.