అంగుళీ సంరక్షణ మహోత్సవం

"ఇక మీదట మన జిల్లాలో తెగిన వేలు ఏదీ వృథా పోదు!" అని మంత్రి గంగాధరం గారు కుప్పం సభలో ప్రకటించగానే చప్పట్లకు షామియానా ఎగిరిపోయినంత పనైంది. ఎనభై నాలుగు నాటి సంగతి. అన్న మాట ప్రకారం పుంగనూరులో అంగుళీ సంరక్షణ కేంద్రం లేచింది. తెగిన వేలిని ఫ్రిజ్జులో దాచాలి, మద్రాసు డాక్టరు దాన్ని అతికించాలి. ప్రారంభోత్సవం దసరా ముందు పెట్టుకున్నారు.

ఆ పొద్దున సన్నాహాలన్నీ చూస్తున్న కార్యకర్త శ్రీరాములు, మేళానికి వచ్చిన నాదస్వరం మునిరత్నాన్ని పిలిచాడు. "ఊరికే కూసోకప్పా, స్వాగత ద్వారానికి రెండు అరటిచెట్లు నరుకు."

కొడవలి జారింది. ఎడమచేతి చూపుడువేలు తెగి గడ్డిలో పడింది. ఆ వేలు లేకుంటే నాదస్వరం లేదు, నాదస్వరం లేకుంటే పొయ్యిలో పిల్లి లేవదు.

శ్రీరాములు మాత్రం ఆనందం పట్టలేకపోయాడు. "అదృష్టవంతుడివప్పా! ఫస్ట్ కేసు నువ్వే!"

చేతికి కట్టు కట్టుకొని, వేలిని తడిగుడ్డలో చుట్టుకొని, మునిరత్నం తన పెళ్లాం మునెమ్మతో కేంద్రానికి పరుగెత్తాడు. గుమ్మానికి రిబ్బన్ కట్టి ఉంది.

"మంత్రిగారు కత్తిరించకుండా లోపలికి పోతే ప్రోటోకాల్ ఒప్పుకోదు," అన్నాడు వెనకే వచ్చిన శ్రీరాములు.

"ఆయన యాడుండారు సామీ?"

"మదనపల్లెలో బయల్దేరినారు. రాహుకాలమని దారిలో ఆగినారు."

"పోనీ, రొంత ఐసన్నా ఇప్పియ్యప్పా!" అంది మునెమ్మ.

"ఐసంతా మంత్రిగారి నన్నారి షర్బత్తుకు పోయిందమ్మా."

సూదీ దారం పట్టుకొని గుమ్మం బయటే ఎండలో నిలబడ్డ డాక్టరు పళ్లు నూరాడు. "పొద్దు గూకితే ఇక అతకదు" అన్నాడు.

మూడింటికి మంత్రిగారు వచ్చారు. రిబ్బన్ కత్తిరించారు. స్వహస్తాలతో వేలిని ఫ్రిజ్జులో పెట్టి, ఎవరూ ఎత్తుకుపోకుండా తాళం కూడా వేశారు. ఫోటోలు తీశారు. మునిరత్నం కళ్లలో నీళ్లు తిరిగాయి. బతికానురా దేవుడా అనుకున్నాడు.

డాక్టరు చేతులు కడుక్కొని వచ్చాడు. "తాళంచెవి ఇవ్వండి సార్, అతికిస్తాను."

మంత్రిగారు జాలిగా నవ్వారు. "ఈ రోజు దాచే విభాగానికే కదయ్యా ప్రారంభోత్సవం! అతికించే విభాగానికి ఉగాదికి వస్తాను. రిబ్బన్ కత్తిరించకుండా అతికిస్తే ప్రజలు ఏమనుకుంటారు?"

తాళంచెవి మంత్రిగారి పీఏ జేబులోకి వెళ్లింది, ఇద్దరూ కారెక్కి వెళ్లిపోయారు.

"సామీ, తాళం! నా వేలు సామీ!" అంటూ మునిరత్నం కారు వెంట పరుగెత్తాడు.

ప్రజాభిమానానికి చలించిపోయిన మంత్రిగారు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, ఐదు వేళ్లూ విప్పి, మలుపు తిరిగేదాకా ఊపుతూనే ఉన్నారు.