తొమ్మిది రోజుల నెల

అనుమానం ముందు పుట్టి తర్వాత తాను పుట్టాడని బస్సు డిపోలో అందరూ చెప్పుకునే మనిషి నిమిషాలరావు. అది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు. టైం కీపరు ఉద్యోగం కాబట్టి డ్రైవర్లు పెట్టిన పేరు. బస్సు నిమిషం ఆలస్యంగా వస్తే డ్రైవరును అనుమానిస్తాడు. నిమిషం ముందొస్తే గడియారాన్ని అనుమానిస్తాడు. సరిగ్గా వేళకొస్తే ఇద్దరూ కూడబలుక్కున్నారని నిర్ధారణకు వస్తాడు.

ఇంట్లో ఆయనకు వేరే వ్యాపకం ఉంది. ముందు గదిలో కిటికీ పక్కన ఒక బల్ల, దాని మీద పదేళ్లుగా సాగుతున్న ఒక నవల. భూమ్మీద ఎక్కడా లేని దీవి, దాంట్లో మనుషులు, ఆ మనుషులకో సొంత క్యాలెండరు. నెలకు తొమ్మిది రోజులు, ఏడాదికి నలభై నెలలు. మిగిలిన అయిదు రోజులు ఏ నెలలోకీ రావు, ఆ అయిదు రోజులూ ఎవరూ ఎవరినీ ఏ ప్రశ్నా వేయకూడదు. ఆ చివరి నియమం తట్టిన పూట ఆయన తన భుజం తానే తట్టుకున్నాడు.

ఇప్పుడు ఆ బల్లకు గండం వచ్చిపడింది. అత్తగారికి రెండు కళ్లలోనూ శుక్లాలు. ఎదురుగా నిలబడ్డ మనిషిని గొంతును బట్టి పోల్చుకుంటోంది. ఆపరేషను చేయించాలి, ఆ తర్వాత కొన్నాళ్లు కూతురి దగ్గర ఉంచుకోవాలి. ఉంచడానికి ఉన్నది ముందు గది ఒక్కటే. పైగా ఆవిడ పంతం మనిషి. అల్లుడు తన నోటితో అడిగితే తప్ప ఆ ఇంట్లో వైద్యం చేయించుకోనని తెగేసి చెప్పింది. అడగమని భార్య ఏడాదిగా పోరుతోంది. "వచ్చే నెల చూద్దాం" అని నిమిషాలరావు ఏడాదిగా దాటవేస్తున్నాడు.

ఒక రోజు భార్య బడిపిల్లల చొక్కాలు కుడుతూ కబురు చెప్పింది. అమ్మ ఊరికే చూసి పోవడానికి వస్తానంటోంది, ఎన్నాళ్లు ఉండమనాలి అని అడిగింది. ఊరికే చూసి పోయేవాళ్లు పోరని నిమిషాలరావుకు అనుభవమే. వద్దంటే ఇల్లు రణరంగమవుతుంది. అప్పుడే ఆయన బుర్రలో దీపం వెలిగింది.

"ఒక నెల ఉండమను" అన్నాడు ఉదారంగా.

మిషను ఆగింది. "నెలా? మీరేనా?"

"నేనే. కాకపోతే రేపటి నుంచి మనింట్లో నా దీవి క్యాలెండరు నడుస్తుంది. నవల కోసం. మనుషులు బతికి చూడందే అది నిలుస్తుందో లేదో ఎలా తెలుస్తుంది?"

"అంటే తొమ్మిది రోజులు."

"నెల నెలే కదా."

"అన్నీ మీరు రాసినట్టే జరగాలా?"

"అక్షరం పొల్లు పోకుండా."

"సరే" అంది ఆవిడ, మళ్లీ మిషను తొక్కుతూ.

ఆ సరేతో నిమిషాలరావుకు నిద్ర కరువైంది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆవిడ మొదటి మాటకే సరే అన్నది లేదు. పైగా నెలకు తొమ్మిది రోజులని తను నోరు జారినట్టు గుర్తు లేదు. మర్నాడు పొద్దున్నే లేచి రాతప్రతి కాగితాలు లెక్కపెట్టాడు. ఒక్కటీ పోలేదు. పోకపోవడం మరీ అనుమానంగా అనిపించింది.

అత్తగారు వచ్చింది. గోడ మీద చేత్తో గీసిన క్యాలెండరు వెలిసింది. బల్లను గోడవారకు జరిపి ముందు గదిలో మంచం వేశారు. తొమ్మిది రోజులే కదా అని నిమిషాలరావు గుండె రాయి చేసుకున్నాడు.

మూడో రోజు పొద్దున భార్య వంటింట్లోకి అడుగు పెట్టలేదు. కారణం అడిగితే, ప్రతి మూడో రోజూ పొయ్యి మగవాళ్లే ముట్టాలని మీ దీవిలో నియమం కదా అంది. ఏదో మహిళా పాఠకులు మెచ్చుకుంటారని నాలుగో అధ్యాయంలో రాసి మరిచిపోయిన ముక్క అది. ఆ పూట పాలు పొంగాయి, అన్నం మాడింది, కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. అత్తగారు మెల్లగా తిని, కళ్లు కనపడకపోవడంలోనూ ఒక సుఖం ఉంది బాబూ అని మెచ్చుకుంది.

"ఇది రాసినట్టు నీకెలా తెలుసు?" అని భార్యను నిలదీశాడు.

"మీరు నిద్రలో చెప్పారు" అంది ఆవిడ.

తను నిద్రలో మాట్లాడతాడా లేదా అని ఆయన తోటి గుమాస్తాను అడిగాడు. డ్యూటీలో పడుకున్నప్పుడైతే గురక తప్ప మాటలేమీ వినపడలేదని ఆ గుమాస్తా సాక్ష్యం చెప్పాడు. ఈ ఆలోచనల్లోనే ఆరో రోజున డ్యూటీ చార్టు మొత్తం దీవి తేదీలతో రాసి అంటించాడు. ఒక బస్సు దగ్గర ఇద్దరు డ్రైవర్లు స్టీరింగు కోసం వాదించుకున్నారు. ఇంకో బస్సులో ప్రయాణికులు డ్రైవరు లేకుండా గంటసేపు కూర్చున్నారు. ఏ దేశపు తేదీలివి అని డిపో మేనేజరు పిలిచి అడిగితే, చార్టు చింపి మళ్లీ మొదటి నుంచి రాసిచ్చాడు.

అయినా భరించాడు. తొమ్మిదో రోజు సాయంత్రం అత్తగారి సంచీ తనే తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి, నెల పూర్తయిందని ప్రకటించాడు.

భార్య లోపలికి వెళ్లి రాతప్రతి తెచ్చింది. వెతుక్కోకుండా ఏడో అధ్యాయం తీసి, గొంతు సవరించుకుని చదివింది. "దీవిలో నెల తనంతట తాను మారదు. తొమ్మిదో సాయంత్రం ఆ పూట ఇంట్లో ఉన్నవారిలో వయసులో పెద్దవారు గడపలో నిలబడి, పడమటి చుక్కను తమ కళ్లతో చూసి, కనపడింది అనాలి. అనేదాకా పాత నెలే నడుస్తుంది. వారికి ఎవరూ వేలెత్తి చూపకూడదు."

నిమిషాలరావు కాగితం లాక్కుని చూశాడు. ఆ వాక్యాలు ఆయనవే. ఎంతో మురిసిపోయి రాసుకున్నవి.

"నువ్వు ఇదంతా ఎప్పుడు చదివావు?"

"మీరు డ్యూటీకి వెళ్లాక. పదేళ్ల నుంచి రోజూ. ఏడో అధ్యాయం చాలా బాగుంటుంది."

కోపం తెచ్చుకోవాలని ఆయన గట్టిగానే ప్రయత్నించాడు. కానీ తన నవలకు ఒక పాఠకురాలు ఉందన్న సంతోషం ముందే వచ్చి కూర్చుంది. కోపానికి చోటు దొరకలేదు.

అత్తగారు గడపలో నిలబడింది. ఆకాశం కడిగినట్టుంది, చుక్క మెరుస్తోంది. ఆవిడ అరచెయ్యి నొసటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసి, అంతా పొగలాగే ఉంది బాబూ అని చెప్పి లోపలికి వెళ్లిపోయింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. గోడ మీద మాత్రం తొమ్మిదో రోజు కదలడం లేదు.

నాలుగో సాయంత్రం భార్య మిషను మీద ఉండగా, ఆయన అత్తగారి పక్కన చేరి గొంతు తగ్గించాడు. "అత్తయ్యగారూ, కనపడిందని ఒక్క మాట అనేయండి. ఎవరొచ్చి చూస్తారు?"

ఆవిడ ఆకాశంలో చుక్క లేని వైపుకు చూస్తూ అంది. "చూడనిదాన్ని చూశానని ఎలా అనను బాబూ? మీరు పదేళ్లు కష్టపడి రాసిన పుస్తకమట కదా. దాన్ని నేను అబద్ధం చేస్తే పాపం కాదూ? ఇంకాస్త ప్రయత్నిస్తాను, ఏమనుకోకండి."

నిమిషాలరావు అనుమానంగా ఆవిడ ముఖం వంక చూశాడు. వెటకారం కోసం వెతికాడు, దొరకలేదు. ఆ పెద్దావిడ నిజంగానే ప్రయత్నిస్తోంది. కళ్లు చికిలించి చికిలించి నీళ్లు కారుతున్నాయి, కొంగుతో తుడుచుకుని మళ్లీ చూస్తోంది. ఒక బల్ల కోసం ఏడాదిపాటు ఈ కళ్లను వాయిదా వేశానే అని ఆయనకు సిగ్గేసింది. చిన్న సిగ్గు కాదు, చెవులు వేడెక్కేంత సిగ్గు.

"అత్తయ్యగారూ, కళ్లు చూపించుకుందాం రండి. నేనే తీసుకెళ్తాను. మా ఇంట్లోనే ఉందురుగాని."

లోపల మిషను చప్పుడు ఆగింది. "ఏ నెలలో?" అంది భార్య గొంతు.

వచ్చే నెల అనడానికి ఆయనకు వచ్చే నెలే లేదు. "ఈ నెలలోనే" అన్నాడు.

ఆపరేషను జరిగింది. ముందు ఒక కన్ను. ఆసుపత్రి బల్ల మీద రెండు రోజులు కూర్చుని నిమిషాలరావు నర్సులను, మందు సీసాలను, గోడ గడియారాన్ని సమానంగా అనుమానించాడు. కట్టు విప్పి ఇంటికి తెచ్చిన సాయంత్రం అత్తగారు గడపలో నిలబడింది. ఎక్కువసేపు పట్టలేదు.

"కనపడింది" అంది. అని కూడా కదలకుండా అలాగే చూస్తూ నిలబడింది. తర్వాత ఇటు తిరిగి అల్లుణ్ని తేరిపార చూసింది. "అయ్యో, జుట్టంతా ఎప్పుడు పోయింది బాబూ?"

భార్య నవ్వు ఆపుకోలేకపోయింది. ఆయనా నవ్వాడు. నవ్వు అయ్యాక ఆయనకు అసలు సంగతి గుర్తొచ్చింది. "ఇక మందు చుక్కలు ఎన్నాళ్లు వేయాలి?"

"ఒక నెల. ఆ తర్వాత రెండో కన్ను."

"ఎవరి నెల?"

"డాక్టరుగారి నెల. ముప్ఫై రోజులది."

నిమిషాలరావు బల్లకు ఒక వైపు పట్టుకున్నాడు, భార్య రెండో వైపు పట్టుకుంది. వంటింట్లోకి మోసుకెళ్లారు. అక్కడ వెనక కిటికీ కింద, డబ్బాలు అన్నీ పక్కకు సర్ది, సరిగ్గా బల్ల పట్టేంత చోటు ఖాళీగా ఉంది. బల్ల అటు అంగుళం ఇటు అంగుళం మిగలకుండా ఇమిడింది.

"ఈ చోటు ఎప్పుడు ఖాళీ చేశావు?" అన్నాడు.

"మీరు ఒక నెల ఉండమన్నారే, ఆ పూటే" అంది ఆవిడ, బల్ల మీద దుమ్ము తుడుస్తూ.