ఆయుధపూజ నూనె

ఆ ఆదివారం పొద్దున జయరామప్ప వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదింటికి దర్శన్ వస్తాడు, గోడకున్న గిటారు దించి అతని చేతికివ్వాలి, కాఫీ ఇచ్చి పంపాలి. తర్వాత తలుపు వేసుకుని కాసేపు ఏడవాలని కూడా అనుకున్నాడు గానీ, ఆ సంగతి భార్య సుశీలకు చెప్పలేదు.

గిటారు తమ్ముడు కిరణ్‌ది. పోయిన ఏడు శ్రావణంలో విషజ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. బతికుంటే ఆ ఆదివారానికి ఇరవై తొమ్మిది నిండేవి. కుందలహళ్ళిలో కిరణ్ పనిచేసిన కంప్యూటర్ ఆఫీసువాళ్ళు సాయంత్రం ఐదింటికి చిన్న సభ పెట్టుకున్నారు. కిరణ్ కట్టిన బాణీని కిరణ్ గిటారు మీదే అతని స్నేహితుడు దర్శన్ వాయించాలి. జయరామప్పకు సంగీతం తెలియదు. ఆ ఒక్క బాణీ మాత్రం తెలుసు. రోజూ మిద్దె మీది గదిలోంచి వినబడుతుంటే, "పండుకోనియ్యవా రా" అని ఆయన కేకలేసిన బాణీ అది. ఇప్పుడు దాన్ని మళ్ళీ వినాలని ప్రాణం కొట్టుకుంటోంది.

జయరామప్పకు చిక్కపేటలో కుట్టుమిషన్ల రిపేరు దుకాణం ఉంది. ఏ మిషనుకు ఏ జబ్బు చేసినా ఆయన మొదట వేసే మందు నూనె. ఆయుధపూజ వచ్చిందంటే ఇంట్లో ఇనుమన్నది ఏదీ ఆయన చేతిలోంచి తప్పించుకోలేదు. కత్తిపీట, సైకిలు, తలుపు గొళ్ళెం, అన్నిటికీ నూనె, ఆపైన కుంకుమ. కిరణ్ గిటారు కొన్నప్పటి నుంచి దానికీ అదే మర్యాద. పోయిన ఏడు సూతకమని పండగ చేసుకోలేదు గనక, మొన్నటి పూజలో రెండేళ్ళ నూనె ఒక్కసారే పట్టించాడు.

దర్శన్ వచ్చాడు. గిటారు ఒళ్ళో పెట్టుకుని శ్రుతి చేశాడు. నాలుగు సార్లు మీటగానే మూడో తీగ జారి శ్రుతి తప్పింది. మళ్ళీ ఎక్కించాడు, మళ్ళీ జారింది.

"తీగ జారతా ఉండాదన్నా," అన్నాడు. "ఇది మామూలు గిటారు కాదు. తీగ కొసను ముడేసేది లేదు. చిన్న ఇనప ముక్క, వెనక స్క్రూ, ఆ రెండే నొక్కి పట్టుకోవాల. కింద స్ప్రింగులు ఉండాయి కదా, ఒక తీగ వదులైతే మిగిలిన అయిదూ బిగుసుకుంటాయి."

ఒకడు పోయాక తమ ఇల్లు సరిగ్గా అలాగే అయిందని జయరామప్పకు తోచింది.

"అయితే బిగించప్పా," అన్నాడు.

దర్శన్ బిగించాడు. తీగ జారింది. జయరామప్ప గిటారు లాక్కుని చూశాడు. "స్క్రూ పట్టేసింది, లోపలికి పోవటం లేదు," అని తీర్మానించి నూనె డబ్బా తెచ్చి నాలుగు చుక్కలు వేశాడు. ఈసారి మూడు తీగలు జారాయి. ఇక లాభం లేదని, స్క్రూ తిప్పే కీకి ఇనప గొట్టం తొడిగి ఒంటి బలమంతా పెట్టి తిప్పాడు. టప్పుమని ఇనప ముక్క రెండయింది.

పదకొండింటికి జయరామప్ప దుకాణం తెరిచి, పాత మిషను భాగం ఒకటి కోసి, ఆకురాయితో అరగదీసి, అచ్చం అలాంటి ముక్కే చేశాడు. చాలా బాగా కుదిరింది. ఇంటికి తెచ్చి, అలవాటు కొద్దీ దానికి నూనె రాసి మరీ బిగించాడు. రెండింటికి ఆరు తీగలూ జారుతున్నాయి.

"శివరాత్రికి నువ్వు తీసకపోయినప్పుడు బాగుండె," అన్నాడు జయరామప్ప. "ఎక్కడో పడేసినావు. చెప్పకుండా తెచ్చి తగిలించినావు."

దర్శన్ ముఖం వాడిపోయింది. "నేను పడెయ్యలేదన్నా. మీకు ఇచ్చేది ఇష్టం లేకుంటే ఇష్టం లేదని చెప్పండి. పొద్దున్నుంచి ఏదో ఒకటి చేస్తానే ఉండారు. నేను వేరే గిటారు మీద వాయిస్తాలే."

"నాకా ఇష్టం లేనిది? అయిదు దసరాలు నేను దీన్ని చూసుకున్నా. ఏటేటా వాడే చెప్పేవాడు, అన్నా, నీ నూనె చలవ, తీగ కదల్లేదు అని."

దర్శన్ లేచి చెప్పులు తొడుక్కున్నాడు. అప్పుడు సుశీల వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"కూర్చోప్పా," అంది అతనితో. తర్వాత భర్త వైపు తిరిగింది. "చెప్పొద్దని కిరణ్ నాతో ఒట్టేయించుకున్నాడు. ఏటా పూజ అయిన మర్నాడు, మీరు దుకాణానికి పోయినాక, ఆ తీగలన్నీ విప్పి, ఒక్కో ముక్కా తీసి, పెట్రోలు గుడ్డతో మీ నూనె తుడిచేవాడు. నూనె ఉంటే తీగ నిలవదంట. అన్నకు తెలిస్తే బాధపడతాడు వదినా అనేవాడు."

జయరామప్ప నూనె డబ్బాను పక్కకు జరిపాడు. "ఆ పొద్దు మెట్ల కాడ పెట్రోలు వాసన వచ్చేది," అన్నాడు. "స్కూటరు కారతా ఉందనుకుని దానికీ నూనె పెట్టినా."

"అదీ తుడిచేవాడు," అంది సుశీల.

దర్శన్ బైకులోంచి చిన్న గిన్నెడు పెట్రోలు తీసుకొచ్చాడు. జయరామప్ప ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ముక్కలన్నీ విప్పి, తాను పట్టించిన నూనెను తానే తుడిచాడు. తీగ కొసలను ఇనప ముక్కల అడుగు దాకా తోసి బిగించాడు. తుడుస్తున్నంతసేపూ కళ్ళ నీళ్ళు కారుతూనే ఉన్నాయి. అవి గిటారు మీద పడకుండా ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

ఐదింటి సభలో ఆరు తీగలూ ఉన్నచోటనే ఉన్నాయి. తిట్టిన బాణీని జయరామప్ప మొదటిసారి మొదటి నుంచి చివరి దాకా విన్నాడు. మధ్యలో ఒకచోట అది ఇంత బాగుంటుందని ఆయనకు తెలియనే తెలియదు. తెలుసుకునే వీలున్నప్పుడు తెలుసుకోలేదు.

తిరుగు బస్సులో మారతహళ్ళి దాటాక అడిగాడు. "ఇట్లాంటివి వాడింకేమన్నా దాచినాడా?"

సుశీల కాసేపు లెక్క చూసుకుంది.

"చానా ఉండాయి. ఏటికొకటి చెప్తాలెండి."