ఆరు శాఖలూ, ఒక ఖిచిడీ

ఆ ఆదివారం పొద్దున డీన్ కొండల్‌రావు గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ముకరంపురలోని ఇంటి నుంచి స్కూటరు మీద బయలుదేరాలి. చిన్ననాటి స్నేహితుడు గులాం నబీ ఇంటికి పోయి, "మీ ఉర్దూ శాఖ ఎత్తేస్తున్నాం" అని చెప్పాలి. వచ్చేటప్పుడు వంకాయలు తేవాలి. వంకాయల వరకూ ఆయనకు ఏ బెంగా లేదు.

ఇది పందొమ్మిది వందల ఎనభై ఆరు నాటి మాట. కరీంనగర్‌లో ఆ విశ్వవిద్యాలయం అప్పుడప్పుడే నిలదొక్కుకుంటోంది. ఆర్ట్స్ ఫ్యాకల్టీలో ఉన్నవి ఆరు శాఖలు, వాటన్నిటికీ పెద్ద కొండల్‌రావు గారు. వైస్ ఛాన్సలర్ సుదర్శన్‌రావు గారు డీన్‌లందరినీ పిలిచి, సోమవారానికి ఐదేండ్ల ప్రణాళిక రాసుకుని రమ్మన్నారు. "మీ ఫ్యాకల్టీ ఎటు పోవాలన్నది మీ ఇష్టం. ఎటు పోయినా ఒక శాఖ తగ్గించుకొని పోవాలె. ఎన్ని తగ్గించిండ్రని సర్కారు అడుగుతున్నది" అన్నారు. ఆయనది సుల్తానాబాద్‌లో వడ్ల వ్యాపారం చేసే ఇల్లు. ఎవరేం అడిగినా సగానికి కోయందే ఆయనకు తిన్నది అరగదు. పది సుద్దముక్కల డబ్బాలు అడిగితే ఐదిచ్చే మనిషి.

తగ్గించడానికి వీలుగా కనిపించింది ఉర్దూ ఒక్కటే. చెప్పేది నబీ ఒక్కడు, చదివేది నలుగురు ఆడపిల్లలు. నబీ సార్ మొహం చూసి తండ్రులు ఆ పిల్లలను కాలేజీకి పంపుతున్నారు. ఈ శాఖ మూసేస్తే వాళ్లను హైదరాబాదు పంపి చదివించే తండ్రి ఒక్కడూ లేడు, చదువు అక్కడితో సరి. ఆ సంగతి కొండల్‌రావు గారికి బాగా తెలుసు. తెలిసినందుకే రెండు రాత్రులుగా నిద్ర లేదు. పైగా నబీ, తనూ మంథని బడిలో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్లు.

ఆయనకున్న జబ్బు ఇంకొకటి. పుట్టి బుద్ధెరిగాక ఒక మనిషి మొహం మీద "కాదు" అని గానీ "వద్దు" అని గానీ అన్న పాపాన పోలేదు. ఒకసారి పెద్దపల్లి పోవలసినవాడికి కండక్టరు పొరపాటున మంథని టికెట్టు కొడితే, పాపం మళ్లీ ఎందుకు కొట్టించడమని మంథని దాకా పోయి వచ్చాడు. ఇక ఎవరి ఇంట్లోనైనా ముద్ద నోట్లో పెట్టుకుంటే ఆయన పని అంతే సంగతులు.

భార్య సరళాదేవికి ఈ జబ్బు గురించి ఇరవై ఏండ్ల అనుభవం ఉంది. గేటు దాకా వచ్చి చెప్పింది: "చూడుండ్రి, గాడ కూసోకుండ్రి. ఏం తినకుండ్రి. నిలవడి చెప్పి రాండ్రి. ముద్ద మింగిండ్రా, ఆగమైతరు."

"అట్లనే తియ్" అన్నాడాయన. అదీ కాదనలేకే.

నబీ ఇంటి ముందు స్కూటరు ఆగగానే తలుపు తెరుచుకుంది. లోపల నేల మీద దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి ఉంది. ఖిచిడీ, ఖీమా పొగలు కక్కుతున్నాయి, పక్కన గిన్నెలో పుల్లటి ఖట్టా. ఆదివారం ఆ ఇంట్లో అదే నాష్తా.

"ఆవో కొండల్ భాయ్! ఎన్ని దినాలాయె నువ్వు మా ఇంటికొచ్చి!"

"కూసోను నబీ. మీ ఉర్దూ శాఖ గురించి జర మాట్లాడాలె..."

నబీ మొహం చాటంత అయింది. "ముంతాజ్! ఇంటున్నవా! మా డిపార్ట్‌మెంట్ మాట కోసం డీన్ సాబ్ ఇంటికొచ్చిండు!"

ఇక్కడ నబీని తప్పు పట్టడానికి లేదు. ఆ విశ్వవిద్యాలయంలో చెడ్డ వార్త ఎప్పుడూ అటెండర్ చేతిలో మెమోగా వస్తుంది. ఇంటి దాకా మనిషి నడిచి వచ్చాడంటే అది మంచి వార్తే. ప్రమోషన్ వచ్చినా, ఇంక్రిమెంట్ వచ్చినా అంతే. మెమో చేతిలో పెట్టి పంపడానికి మనసు రాక తానే వచ్చాడు చూడండి, అదీ కొండల్‌రావు గారు చేసిన తప్పు.

"నాకు ఎరుకనే భాయ్" అన్నాడు నబీ ఆయన్ని రెక్క పట్టి కూర్చోబెడుతూ. "ఫార్సీకి సపరేట్ డిపార్ట్‌మెంట్ ఇయ్యమని మూడేండ్ల సంది అడుగుతున్న. గిప్పుడు నీ ప్లాన్‌ల వెట్టినవన్నట్టు! మా పిల్లలు గీ మాట ఇంటే ఎగుర్తరు."

నబీ భార్య ముంతాజ్ అప్పటికే కంచంలో ఖిచిడీ పెట్టి ఖట్టా పోసింది. "తినుండ్రి భాయిసాబ్, సల్లారితే మజా రాదు."

కొండల్‌రావు గారు ఖిచిడీ వంక చూశారు, నబీ వంక చూశారు. తిన్నారు. తిన్నాక "చూద్దాం నబీ" అన్నారు. ఆయన "చూద్దాం" అంటే అయిపోయినట్టేనని ఊరందరికీ తెలుసు. ఏడో శాఖ అట్లా పుట్టింది.

కూరగాయల మార్కెట్లో వంకాయలు ఏరుకుంటుంటే వెనక నుంచి సంస్కృత శాఖాధిపతి జానకీబాయి గారి గొంతు వినబడింది. ఆమె వస్తే వైస్ ఛాన్సలర్ కూడా లేచి నిలబడతారు.

"నబీ గారి ఇంటి ముంగట మీ స్కూటర్ చూసిన. అడిగితే ఫార్సీ ఇస్తుండ్రట. మంచిదే, నాకేం కుళ్లు లేదు. కని ఫార్సీ వచ్చినంక పాళీ ఏం పాపం చేసింది? బుద్ధుని మాటలన్ని పాళీలనే ఉండె, మన ధూళికట్ట ఊర్ల ఆయన స్తూపమే బయటవడె! రాండ్రి, ఇల్లు గీడనే. సర్వపిండి పొయ్యి మీదున్నది."

"ఇప్పుడే తిన్న జానకీబాయి గారూ..."

"నబీ గారింట్ల తింటరు, నా ఇంట్ల తినరా?"

దీనికి జవాబు చెప్పగలిగినవాడు కరీంనగర్‌లో ఇంకా పుట్టలేదు. సర్వపిండి ఒక్క ముక్కే తిన్నారు, కానీ పాళీ శాఖకు ఒక్క ముక్క చాలు.

ఇంక ఎవరింటికీ పోకూడదని ఒట్టు పెట్టుకుని సందుల్లోంచి స్కూటరు తిప్పుకుంటూ ఇల్లు చేరారు. వరండా నిండా ఖాళీ కుర్చీలు. లోపల సరళాదేవి ఖాళీ పళ్లేలు తీస్తోంది.

"చరిత్ర హనుమంతు సార్ వచ్చిపోయిండు, తవ్వకాల శాఖ కావాలెనట" అంది ఆమె. "ఇంగ్లీషు దేవదాస్ సార్‌ది ఆదిలాబాదాయె, మా దిక్కు పిల్లలకు మరాఠీ వెట్టుండ్రి అన్నడు. ఫిలాసఫీ సార్‌కు యోగ శాఖనట. మీరు ఇంటింటికి వోయి ఇస్తుండ్రట గద."

"నువ్వేమన్నవ్?"

"ఏమంట? ఇంటికొచ్చినోళ్లను ఉత్తగ పంపుతమా? సకినాలు వెట్టిన. ఇస్తరు తియ్యుండ్రి అన్న."

కొండల్‌రావు గారు వంకాయల సంచి కింద పెట్టి కూలబడ్డారు. "నేను ఊరు తిరిగి రెండిచ్చిన. నువ్వు ఇంట్ల ఉండే మూడిచ్చినవ్!"

సరళాదేవి చేతిలోని పళ్లేలు కింద పెట్టింది. తరువాత పక్కనే కూర్చుని మెల్లగా అడిగింది: "మరి రేపెట్ల?"

"ఇచ్చిన మాట తప్పలేను, పదకొండూ రాసి ఇస్త. సార్ తిడ్తడు, తిట్టనీ. కొత్తయి వద్దంటే తీసేయమంట. ఒకటి పోవాలెనంటే మా తెలుగు శాఖనే సంస్కృతంల కలిపేసుకొమ్మంట. నాకు ఇంకో కుర్చీ యాడన్న దొరుకుతది. గా ఆడపిల్లలకు నబీ తప్ప ఎవరున్నరు?" అన్నారు. తెలుగు శాఖ ఆయన తన చేతులతో మొదలుపెట్టినది.

పొద్దున గేటు దగ్గర సరళాదేవి మళ్లీ చెప్పింది: "నిన్న నా తప్పే. కని గియ్యాల మాత్రం వీసీ సార్ గదిల ఛాయ్ గూడ ముట్టకుండ్రి. ముట్టిండ్రా, ఇంకేం ఇచ్చొస్తరో!"

మీటింగులో ముందుగా సైన్స్ డీన్ లేచాడు. చెప్పినట్టే ఒక శాఖ తగ్గించి, ఐదింటితో బుద్ధిగా వచ్చాడు. సుదర్శన్‌రావు గారు ఆ కాగితం చూసి, అలవాటు కొద్దీ ఇంకొకటి కొట్టేశారు. సైన్స్ డీన్ కండ్ల నీళ్లు తిరిగాయి.

తరువాత ఆర్ట్స్ కాగితం. సుదర్శన్‌రావు గారు కండ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు.

"పదకొండా! నేను తగ్గియ్యమంటే మీరు సంత వెడుతుండ్రా కొండల్‌రావు గారూ? ఫార్సీ! పాళీ! యోగ!" ఎర్ర పెన్సిలు కాగితం అడుగున రాసిన కొత్తవాటి నుంచి పైకి కొట్టుకుంటూ పోయింది. ఒకటి, రెండు, మూడు... "ఐదు కొట్టేసిన! సగానికి సగం!"

కొండల్‌రావు గారు లేచారు. "సార్, మా తెలుగు శాఖ గూడ..."

"తెలుగుకు గూడ ఇంకోటి కావాలెనా? ఇగ ఒక్క మాట మాట్లాడకుండ్రి! కూసోండ్రి. ఏయ్, సార్‌కు ఛాయ్ ఇయ్యి."

అటెండర్ కప్పు ముందు పెట్టాడు. కొండల్‌రావు గారు కప్పు వంక చూశారు. సరళాదేవి మాట గుర్తొచ్చింది.

"వద్దు సార్" అన్నారు.

ఆయన నోట ఆ మాట విన్నవాళ్లు ఆ జిల్లాలో లేరు. సుదర్శన్‌రావు గారి చేతిలో పెన్సిలు ఆగిపోయింది. వడ్ల బేరంలో పుట్టి పెరిగిన మనిషి కదా, ఎదుటివాడు ఛాయ్ ముట్టలేదంటే బేరం వదిలి లేస్తున్నాడని అర్థం. ఇంకొంచెం గుంజితే బేరం చెడుతుంది.

"గింత దానికే అలుగుతరేందయ్యా?" అన్నారు గొంతు తగ్గించి. "సరే, మిగిలిన ఆరింటి జోలికి నేను రాను. ఐదేండ్ల దాక ఎవ్వడూ రాడు. ఇగో సంతకం. సర్కారుకు ఆర్ట్స్‌ల ఐదు తగ్గించినమని రాస్త, చాలు. ఇప్పుడన్న తాగుండ్రి."

ఆరు! కొండల్‌రావు గారు మనసులోనే రెండుసార్లు లెక్క పెట్టుకున్నారు. తెలుగు ఉంది. ఉర్దూ ఉంది. ఛాయ్ ఒక్క గుక్కలో తాగేశారు.

సాయంత్రం స్కూటరు తిన్నగా నబీ ఇంటికి పోయింది. ఫార్సీ శాఖ రాలేదని వినగానే నబీ తల వంచుకున్నాడు. లేచి వచ్చి స్నేహితుని భుజం మీద చెయ్యి వేశాడు.

"ఫికర్ చెయ్యకు భాయ్. నువ్వు గట్టిగనే కొట్లాడినవట, ఛాయ్ గూడ ముట్టలేదట, అటెండర్ చెప్పిండు. నా ఫార్సీ కోసం గంత పరేషాన్ అయినవు, చాలు. ఉర్దూ ఎట్లన్న ఉండనే ఉన్నది, దాన్నెవడు ముడ్తడు?"

కొండల్‌రావు గారికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "అవు, దాన్నెవడు ముడ్తడు" అన్నారు.

ముంతాజ్ మళ్లీ ఖిచిడీ వండి తెచ్చింది. ఒకసారి పెట్టింది, రెండోసారి పెట్టింది, మూడోసారి గరిటె ఎత్తింది. కొండల్‌రావు గారు కంచం ముందుకు జరిపారు. "వద్దు" అనే మాట ఆయన దగ్గర ఉన్నది ఒక్కటే, అది పొద్దున వైస్ ఛాన్సలర్ గదిలో ఖర్చయిపోయింది.