ఆరింటి పక్క

లోకంలోని పక్కలన్నీ ఉదయం ఆరు గంటలకే తడుస్తాయని పిల్లల మాత్రల పరిశోధనా విభాగం తీర్మానించింది. అంతకు ముందు తడిసినవి విభాగం పరిధిలోకి రావు.

కుట్టుపని చేసుకునే ఒక తల్లికి ఈ సంగతి తెలియదు. ఎనిమిదేళ్ల కూతురు గువ్వ, బడిపిల్లలతో రెండు రాత్రుల యాత్రకు వెళ్తానని పట్టుబట్టింది. పక్క తడిపే పిల్లను ఎలా పంపడం? అందుకే పక్క తడపడం మాన్పించే కొత్త మాత్రను ఆ విభాగం పరీక్షిస్తుంటే, అందులో చేర్పించింది. రోజుకో మాత్ర, కాగితం మీద రోజుకో గడి. ప్రశ్న ఒక్కటే: ఉదయం ఆరింటికి పక్క పొడిగా ఉందా?

ఉంది. గువ్వను పక్కన పడుకోబెట్టుకునే అమ్మమ్మ రాత్రి రెండింటికే లేచి, దుప్పటీ గౌనూ మార్చేసేది. తల్లి అబద్ధమాడే మనిషి కాదు. ముప్పై గడుల్లోనూ "పొడి" అనే రాసింది. (దండెం మీద ముప్పై దుప్పట్లు ఆరాయి. దండేనికి గడి లేదు.)

విభాగం గువ్వకు "సంపూర్ణ నివారణ" పత్రం ఇచ్చి మాత్రలు ఆపేసింది. తల్లి, అమ్మమ్మను వెంటబెట్టుకుని విభాగానికి పరుగెత్తింది.

"పిల్ల ఇంకా తడుపుతూనే ఉందండీ. మా అమ్మ మారుస్తోంది, అంతే."

లెక్కల అధికారి కళ్లజోడు సర్దుకున్నాడు. "ఆ ముక్క రాయలేదేమమ్మా?"

"మీరు అడగలేదు కదండీ."

"అడిగితే రెండో పేజీ పడుతుంది. మాకు ఒక్క పేజీకే అనుమతి."

"చంటిదాన్ని తడిలో పడుకోబెట్టమంటావా నాయనా?" అంది అమ్మమ్మ. "చిన్నప్పుడు నీ పక్క ఎవరు మార్చారు?"

"అది పరిశోధనలో భాగం కాదు పెద్దమ్మా," అన్నాడాయన, చెవులు ఎర్రబడగా.

ప్రకటించిన ఫలితాన్ని మార్చకూడదు. కాబట్టి విభాగం మూడు గంటలు సమావేశమై మోతాదును మార్చింది: పడుకునే ముందు మాత్ర ఒకటి, రాత్రి రెండింటికి అమ్మమ్మ ఒకరు. (అమ్మమ్మ దొరకనిచోట నాయనమ్మను వాడవచ్చు. ఇద్దరినీ కలిపి వాడరాదు.) దుష్ఫలితాల కింద "నిద్రలేమి, అమ్మమ్మకు" అని చేర్చింది.

ఆ చీటీని ప్రధానోపాధ్యాయురాలు రెండుసార్లు చదివింది. "మాత్రయితే మేమే వేస్తాం. పెద్దవాళ్లను బస్సు ఎక్కించుకోం."

గువ్వ సంచిలోంచి గౌన్లు ఒక్కొక్కటే తీసి అల్మారాలో పెడుతోంది. చూడలేక తల్లి అధికారికి ఫోన్ చేసింది.

"అమ్మమ్మ లేకుండా ఈ మాత్ర పనిచేస్తుందని రుజువు లేదమ్మా," అన్నాడాయన ఓదార్పుగా. "పిల్లను ఇంట్లోనే ఉంచండి. అక్కడైతే తనకు పూర్తిగా నయమైపోయింది."