పద్నాలుగు జతల వేడి చేతులు

అనంతగిరి దగ్గర ఘాట్ రోడ్డు వెడల్పు చేస్తున్న ఒక కంపెనీలో ఫణీంద్ర సేఫ్టీ ఆఫీసరు. డిసెంబరులో ఒక బుధవారం, పది గంటలకల్లా ఒక పని ముగించేయాలని అనుకున్నాడు. కొండరాయికి కన్నాలు వేసే డ్రిల్లింగ్ మిషన్లు పట్టే పద్నాలుగు మందికి చేతుల పరీక్ష చేయించాలి. ఏళ్ల తరబడి ఆ అదురు చేతుల్లోకి ఎక్కితే వేళ్లకు రక్తం సరిగా అందదని, చలికి అవి తెల్లగా పాలిపోయి మొద్దుబారతాయని, ముందే కనిపెడితే ముదరకుండా ఆపవచ్చని పై ఆఫీసు పంపిన కాగితంలో ఉంది.

ముందురోజు సాయంత్రం అందరినీ నిలబెట్టి ఈ సంగతి చెప్పాడు. వేళ్లు తెల్లబడినవాళ్లకు ఇకమీదట మిషను ఇచ్చేది లేదన్నాడు. అదే కూలి మీద వేరే పని ఇస్తామన్న మాట కూడా చెప్పవలసిందే. ఇంతలో లారీ వచ్చి హారను కొట్టింది. ఆ మాట చెప్పకుండానే అతను అటు వెళ్లిపోయాడు.

విన్నవాళ్లలో భీముడు ఉన్నాడు. ఆరేళ్లుగా మిషను పడుతున్నాడు. రెండు చలికాలాలుగా పొద్దున్నపూట అతని వేళ్లు సున్నం పూసినట్టు అయిపోతున్నాయి. గ్లాసు పట్టుకుంటే పట్టుకున్నట్టు తెలియదు. ఈ సంగతి భార్య యర్రమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. మిషను పోతే పనే పోయినట్టని అతని లెక్క. ఇద్దరు ఆడపిల్లలు అరకు హాస్టల్లో చదువుకుంటున్నారు.

అందుకని బుధవారం అందరికంటే ముందే వచ్చి, ఎండుపుల్లలు పోగేసి మంట వేసి, చేతులు కాచుకుంటూ కూర్చున్నాడు. తరవాత వచ్చినవాళ్లు ఎందుకని అడగలేదు. ఎవరి వేళ్ల మీద వాళ్లకు అనుమానం ఉంది. ఒకరి పక్కన ఒకరు చేరారు, మంట పెద్దదైంది. పరీక్షకు పిలిచేసరికి పద్నాలుగు మందీ మొహాలు కందిపోయి, చెమటలు కారుతూ వరసలో నిలబడ్డారు.

ఏ పరీక్షకైనా ముందు జ్వరం చూసే గన్ను నుదుటికి పెట్టడం నర్సు సుమకు అలవాటు. మొదటివాడికి నూట రెండు. రెండోవాడికి నూట మూడు. గన్ను పాడైందేమోనని తన నుదుటికి పెట్టుకుంది. తొంభై ఏడు. ఏజెన్సీ కొండల్లో ఒకేచోట ఇంతమందికి జ్వరం వస్తే ఏ నర్సూ తేలిగ్గా తీసుకోదు. చలి వేస్తోందా అని భీముణ్ణి అడిగింది. వేళ్ల గుట్టు లాగుతోందనుకుని, తనకు చలంటేనే తెలియదని, ఒళ్లెప్పుడూ ఇలాగే కాలిపోతూ ఉంటుందని అతను గట్టిగా చెప్పాడు. తక్కిన పదముగ్గురూ అదే పాఠం ఒప్పజెప్పారు. ఆమె డాక్టరుకు ఫోను చేసింది.

ఏ జ్వరమో తేలేదాకా దూరదూరంగా ఉండాలని, మంట ఆర్పించి, అందరినీ రోడ్డు పక్క పిట్టగోడ మీద కూర్చోబెట్టారు. పని ఆగిపోయింది. టీ కొట్టువాడు సామాను సర్దుకున్నాడు. అరకు బస్సు ఆగకుండా పోయింది. అందులోవాళ్లు చూసిన పద్నాలుగు మంది అరకు చేరేసరికి నలభై మంది అయ్యారు. ఫణీంద్రకు ఫోను మీద ఫోను. తాను పెట్టింది చేతుల పరీక్షేనని, జ్వరం సంగతి తనకేమీ తెలియదని అతను ఎంత చెబితే, ఏదో దాస్తున్నాడని అవతలివాళ్లకు అంత నమ్మకం కుదిరింది.

కొండమీది గూడేనికి మాత్రం మిషను వాళ్లు పడిపోయారని కబురు వెళ్లింది. యర్రమ్మ దారి కూడా చూసుకోకుండా దిగి వచ్చింది. పొగమంచులో, గోడ మీద, చేతులు చంకల్లో పెట్టుకుని మొగుడు ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. ఏటీ నేదు, ఇంటికి పొమ్మన్నాడు. ఆమె వెళ్లలేదు.

డాక్టరు జగన్నాథరావు వచ్చేసరికి గంటన్నర దాటింది. మళ్లీ చూస్తే ఒక్కరికీ జ్వరం లేదు. మలేరియా అలాగే వచ్చి పోతూ ఉంటుంది గనక అందరికీ రక్తం తీయమన్నాడు.

భీముడి వంతు వచ్చింది. సుమ వేలికి సూది గుచ్చింది. రక్తం రాలేదు. నొక్కి చూసింది, రాలేదు. ఇంకో వేలికి గుచ్చింది. నొప్పి పుట్టిందా అని అడిగితే, ఎప్పుడు గుచ్చారని అతను తిరిగి అడిగాడు.

డాక్టరు ఆ చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. నాలుగు వేళ్లూ రెండో కణుపు దాకా తెల్లగా ఉన్నాయి. ఎన్నాళ్ల నుంచని అడిగితే, ఇవాళేనన్నాడు భీముడు.

"రెండేళ్లయింది బాబూ," అంది యర్రమ్మ. "సొక్కా బొత్తాలు నానే పెడతన్నాను. సేతిలో ముద్ద జారిపోతంటే, పిల్లలు సూడకుండా అటు తిరిగి కూకుంతాడు."

ఫణీంద్ర భీముడి దగ్గరికి వచ్చాడు.

"మిషను మానేసినా నీ కూలి తగ్గదు భీముడూ. వేరే పని ఇస్తాం. నిన్ననే చెప్పాల్సింది. చెప్పలేదు."

"ఆ ముక్క నిన్న సెప్పుంటే మంట ఏసీవోడిని కాదు సారూ."

మంట సంగతి డాక్టరు వినడం అదే మొదలు. సుమ చేతిలోని గన్ను వంక చూసుకుంది. ఎవరికీ నవ్వు రాలేదు. అప్పటికే గోడ మీద నుంచి ఇంకో ముగ్గురు లేచి, చేతులు చాపుకుని వస్తున్నారు.

ఆ నలుగురినీ మిషను నుంచి తప్పించారు. భీముడికి మలుపు దగ్గర బండ్లు ఆపి పంపే పని ఇచ్చారు. పోయిన స్పర్శ పూర్తిగా తిరిగి రాకపోవచ్చని, ఇంతకంటే ముదరకపోతే అదే మేలని డాక్టరు దాచకుండా చెప్పాడు. మిగతా పదిమందికి మిషను పట్టే గంటలు తగ్గించి, ఆర్నెల్లకోసారి చేతులు చూపించాలన్నాడు.

జరిగిందంతా, తాను మింగేసిన వాక్యంతో సహా, ఫణీంద్ర నాలుగు పేజీలు రాసి పైకి పంపాడు. వారం తరవాత జవాబు వచ్చింది: మీ సైటులో మలేరియా లేనందుకు అభినందనలు.